వాన వెలిశాక చూరు



క్యారమ్స్ ఆడిన వాళ్లందరికీ ఒక తెల్లటి పొడి తెలుసు. కాయిన్లు బాగా జారాలని బోర్డు మీద చల్లుతాం. చేతులకీ చొక్కాకీ అంటుకుంటుంది. ఓడిపోయినవాడికి కోపం వస్తే గెలిచినవాడి నెత్తికి కూడా అంటుతుంది. డబ్బా మీద బోరిక్ పౌడర్ అని రాసి ఉంటుంది. ముప్ఫై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ణి. ఇవాళ నేను చెప్పదలుచుకున్న విషయానికి ఆ పొడికన్నా మంచి ఉపోద్ఘాతం నాకు దొరకలేదు.

ప్రయోగశాలలో నేను చేసి చూపించేది ఇది. ఒక పింగాణీ మూకుడులో చెంచాడు బోరిక్ ఆమ్లం. అందులో ఫ్లోరసీన్ అనే రంగు, ఆవగింజలో సగమంత. ఈ రంగు మీకు కొత్తేమీ కాదు. కంట్లో గీత పడిందేమో చూడటానికి కంటి డాక్టరు రెప్ప లోపల తాకించే నారింజ రంగు కాగితం ముక్క ఉంటుంది కదా, దానికి అద్దేది ఇదే. మూకుడు కింద స్పిరిట్ దీపం పెట్టి సన్నని సెగ తగలనివ్వాలి. కాసేపటికి పొడి చెమ్మగిల్లుతుంది, బుడగలు వేస్తుంది, లోపలి నీరు ఆవిరైపోయి చివరికి బెల్లం పాకంలా సాగుతుంది. దించి చల్లారబెడితే గాజు పెంకులా బిగుసుకుంటుంది. ఇక కిటికీలు మూసి, దొంగనోట్లు పట్టుకోవడానికి కొట్లలో వాడే నీలి టార్చి దాని మీద పది సెకన్లు వేసి, ఠక్కున ఆర్పేయాలి.

టార్చి ఆరుతుంది. మూకుడు ఆరదు. పసుపు కలిసిన ఆకుపచ్చ వెలుగు అలాగే నిలిచి ఉంటుంది. పిల్లలు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుండగా నెమ్మదిగా మసకబారి చీకట్లో కలిసిపోతుంది. ఎన్నేళ్లు చూపించినా, ఆ క్షణంలో వెనక బెంచీ కూడా నిశ్శబ్దమైపోయేది.

వాన పడుతున్నంతసేపే తడిసేది రోడ్డు. వాన వెలిశాక కూడా కాసేపు కారేది చూరు. వెలుగులోనూ ఈ రెండు రకాలున్నాయి. కాంతి పడుతున్నంతసేపే మెరిసి, తీసేయగానే ఆగిపోయేదాన్ని ప్రతిదీప్తి అంటారు, అంటే ఫ్లోరసెన్స్. కాంతి తీసేశాక కూడా కారుతూ ఉండేది స్ఫురదీప్తి, ఫాస్ఫోరెసెన్స్. మొదటిది సెకనులో వంద కోట్లో వంతు కాలంలో, మహా అయితే దానికి కొన్ని రెట్లలో ముగిసిపోతుంది. రెండోది సాధారణంగా సెకనులో వెయ్యో వంతు నుంచి కొన్ని సెకన్ల దాకా సాగుతుంది. మిణుగురు వెలుగు ఈ రెండింట్లో ఏదీ కాదు, అది రసాయన చర్య. రేడియం స్టిక్కర్లంటారా? వాటిని అమ్మే అంగళ్లలో రేడియం ఎక్కడా లేదు, పేరొక్కటే మిగిలింది. నంబరు ప్లేటు మీద మెరిసేది ఎదుటి బండి లైటును వెనక్కి తిప్పిపంపే పూత. గోడ మీద రాత్రంతా వెలిగే నక్షత్రాల బిళ్లల్లో ఉండేది స్ట్రాన్షియం అల్యూమినేట్ లాంటి అకర్బన పదార్థం. దాన్ని తయారు చేయాలంటే వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమి కావాలి, అరుదైన లోహాలు కలపాలి.

ఆ పని కర్బన పదార్థాలతో చేయించగలమా అన్నదే నేటి మన విషయం. ఇంగ్లీషులో వీటిని ఆర్గానిక్ అంటారు. ఎరువులు వేయని వంకాయలని కాదు, కార్బన్, హైడ్రోజన్ ప్రధానంగా అల్లుకున్న అణువులని అర్థం. రంగులు, మందులు, ప్లాస్టిక్కులు, బీరువాలో వేసే కలరా ఉండలు అన్నీ ఇవే. చవక, తేలిక, పలచని పొరగా పూయవచ్చు, రబ్బరులా వంచవచ్చు. ఒకటే చిక్కు. మామూలు గది వేడిమి దగ్గర వీటిలో చాలా వాటికి స్ఫురదీప్తి రాదు. ఎందుకు రాదో తెలిస్తే, ఎలా రప్పించాలో సగం తెలిసినట్టే.

అణువులో ఎలక్ట్రాన్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. ఒక జంటలోని రెండు బొంగరాలు ఎదురెదురు దిశల్లో తిరుగుతున్నాయనుకోండి. నిజానికి అవి బొంగరాల్లా తిరగవు, కానీ రేడియోలో నల్లబల్ల లేదు కాబట్టి ఈ పోలికతో సరిపెట్టుకుందాం. కాంతి తగిలితే ఒక ఎలక్ట్రాన్ పై అంతస్తుకి ఎగురుతుంది. ఎగిరినా తిరుగుడు దిశ మారదు. కింద ఉన్న జోడీతో పొత్తు చెడలేదు కాబట్టి వెంటనే కిందికి దూకేస్తుంది, ఆ దూకుడే ప్రతిదీప్తి. కొన్ని అణువుల్లో మాత్రం పైకి వెళ్లినది దిశ మార్చుకుంటుంది. ఇప్పుడు పైదీ కిందదీ ఒకే వైపు తిరుగుతున్నాయి. ఈ స్థితికి ట్రిప్లెట్ అని పేరు. ఒకే దిశవి రెండూ ఒకే గదిలో ఉండకూడదని ప్రకృతి నియమం. కాబట్టి దిగాలంటే మళ్లీ దిశ మార్చుకోవాలి, అది అంత తేలిగ్గా జరగదు. దారి దొరికేదాకా అది అటక మీద ఇరుక్కుపోయి ఉంటుంది. చూరు నుంచి ఆలస్యంగా కారే చుక్క అదే.

ఈ సంగతి తేల్చింది అమెరికాలో బర్క్‌లీకి చెందిన గిల్బర్ట్ లూయిస్, ఆయన శిష్యుడు మైకేల్ కాషా, 1944లో. చుక్కలతో ఎలక్ట్రాన్లు గీసే లూయిస్ బొమ్మలు ఇంటర్ పిల్లలకి తెలుసు, ఆ లూయిస్ ఈయనే. అంతకు మూడేళ్ల ముందు, 1941లో, లూయిస్ బృందం ఈ వెలుగును పరిశీలించిన పదార్థం ఏమిటో తెలుసా? బోరిక్ ఆమ్లపు గాజులో కరిగించిన ఫ్లోరసీన్. అంటే నా మూకుడే. ఇది తెలిసిన నాటి నుంచి క్యారమ్ పొడి మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు అసలు చిక్కు. అటక మీద ఇరుక్కున్న ఎలక్ట్రాన్ సెకన్ల కొద్దీ ఎదురుచూడాలి. అణువుల ప్రపంచంలో సెకను అంటే యుగం. ఆ యుగంలో అణువు ఊగుతుంది, మెలితిరుగుతుంది, పక్క అణువుని ఢీకొంటుంది. ప్రతి కుదుపులోనూ కాస్త శక్తి వేడిగా జారిపోతుంది. చివరికి దిగే వేళకి వెలుగివ్వడానికి ఏమీ మిగలదు. అందుకే దశాబ్దాల పాటు ఈ వెలుగును చూడాలంటే పదార్థాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి, సున్నాకి 196 డిగ్రీల దిగువన గడ్డకట్టించేవారు. చలికి అణువులు ముడుచుకుని కూర్చుంటాయి, కుదుపులు తగ్గుతాయి. ప్రయోగశాలకి అది బాగానే ఉంటుంది. జేబులో పెట్టుకునే వస్తువుకి పనికిరాదు.

నేను దీన్ని విద్యార్థులకి కుండ లెక్కగా చెప్పేవాణ్ణి. అటక మీద ఒక కుండ నిండా నీళ్లున్నాయి. దానికి ఒక సన్నని కొమ్ము ఉంది, వెలుగు అక్కణ్ణించి వస్తుంది. కుండకి పగుళ్లు కూడా ఉన్నాయి, వేడి అక్కణ్ణించి పోతుంది. పగుళ్లు లేకపోతే కొమ్ము ఒక్కదాని గుండా ఖాళీ కావడానికి 10 సెకన్లు పడుతుందనుకోండి. పగుళ్లతో 1 సెకనులోనే ఖాళీ అయింది. అంటే కొమ్ము గుండా వచ్చింది పదో వంతే, తొమ్మిది వంతులు గోడ తాగింది. స్ఫురదీప్తిని మెరుగుపరచడమంటే ఈ కుండని బాగు చేయడం. దానికి రెండు దారులున్నాయి. ఈ రెండూ ఒకదానికొకటి కాస్త ఎడమొహం పెడమొహం అని చాలామంది గమనించరు.

మొదటి దారి, కొమ్మును వెడల్పు చేయడం. అణువులో బ్రోమిన్, అయోడిన్ లాంటి బరువైన పరమాణువుని తగిలిస్తే ఎలక్ట్రాన్ దిశ మార్చుకోవడం సులువవుతుంది. ఎక్కడం సులువు, దిగడమూ సులువు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో జిన్‌సాంగ్ కిమ్ బృందం 2011లో ఈ పని అందంగా చేసింది. బ్రోమిన్ తగిలించిన ఒక ఆల్డిహైడ్‌ని స్ఫటికంగా పేర్చి, ఒక అణువు బ్రోమిన్ పక్క అణువు ఆక్సిజన్‌ని తాకేలా కూర్చారు. సామర్థ్యం 55 శాతానికి చేరింది. లోహం లేని పదార్థానికి ఆనాటికి అది పెద్ద అంకె. కానీ కొమ్ము వెడల్పయింది కాబట్టి కుండ త్వరగా ఖాళీ అవుతుంది. వెలుగు సెకనులో కొన్ని వెయ్యో వంతుల్లో అయిపోతుంది. కంటికి ప్రకాశం కనిపిస్తుంది కానీ, దీపం ఆర్పాక మిగిలే వెలుగు కనిపించదు. మన ఫోన్ల ఓలెడ్ తెరల్లో ఇరిడియం కలిపిన పదార్థాలది దీనికన్నా వేగమైన కథ. విద్యుత్తుతో ఎలక్ట్రాన్లని లేపితే ప్రతి నాలుగింటిలో మూడు ట్రిప్లెట్‌లోకే పోతాయి. వాటిని వృథా చేయకుండా వెలుగుగా మార్చడానికి అక్కడ లోహం పెట్టారు. తెరకి వేగమే కావాలి కనుక సరిపోయింది. కానీ ఇరిడియం భూమి మీద అత్యంత అరుదైన లోహాల్లో ఒకటి.

రెండో దారి, పగుళ్లు పూడ్చడం. నా మనసు దీని మీదే ఎక్కువ. ఇందులో కొత్తగా ఏదీ చేర్చనక్కర్లేదు, అణువుని కుదురుగా కూర్చోబెడితే చాలు. చెప్పడం సులువు. తరగతిలో పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టిన వాళ్లెవరైనా చెబుతారు ఆ పని ఎంతో.

గట్టిగా పేర్చిన స్ఫటికంలో అణువులు మెదలలేవు. బెన్ జాంగ్ టాంగ్ బృందం 2010లో బెంజోఫినోన్, దాని బంధువుల మీద ఇది చూపించింది. ద్రావణంలో చీకటిగా ఉండే పదార్థం స్ఫటికమవగానే వెలుగుతుంది. అయితే స్ఫటికం పెళుసు. కల్వంలో వేసి నాలుగు సార్లు నూరితే వరుస చెదిరి, వెలుగు పోవచ్చు. అందుకని ప్లాస్టిక్ లాంటి పాలిమర్లో అణువుని ఇరికించే పద్ధతి వచ్చింది. పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్, దాని హైడ్రోజన్ బంధాలతో, అణువుని నాలుగు వైపులా పట్టుకుంటుంది. 2015లో మిషిగన్ వాళ్లే ఇంకో అడుగు వేసి, ఇరికించడం కాకుండా అణువుని పాలిమర్ గొలుసుకి రసాయన బంధంతో కుట్టేశారు. బోరిక్ గాజు చేసేదీ ఈ పనే. మైసూర్‌పాక్‌లో జీడిపప్పు ఇరుక్కున్నట్టు ఫ్లోరసీన్ అణువు అందులో ఇరుక్కుని ఉంటుంది.

హైడ్రోజన్ని మార్చడం ఇంకో ఉపాయం. కార్బన్ - హైడ్రోజన్ బంధం వేగంగా ఊగే తీగ, శక్తి ఎక్కువగా జారేది అక్కడే. హైడ్రోజన్ బదులు దాని బరువైన తోబుట్టువు డ్యుటీరియం పెడితే ఊపు మందగిస్తుంది. కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌కి ఇలా చేసి చూసినప్పుడు వెలుగు నిలిచే కాలం ఎన్నో రెట్లు పెరిగింది. అణువు ఆకారం అదే, రసాయన గుణం అదే. ఒక్క బరువు మారింది. నాకు రసాయన శాస్త్రంలో నచ్చిన మోసాల్లో ఇదొకటి.

ఇన్ని పగుళ్లు పూడ్చినా ఒక దొంగ మిగులుతాడు. ఆక్సిజన్. మనం పీల్చే ఆక్సిజన్ ఒక వింత అణువు, దాని మామూలు స్థితే ట్రిప్లెట్. అటక మీద ఇరుక్కున్న మన ఎలక్ట్రాన్‌తో దానికి చుట్టరికం కుదురుతుంది. తాకిందంటే శక్తి మొత్తం లాగేసుకుంటుంది. గాలిలో ఐదో వంతు ఆక్సిజనే, సన్నటి ప్లాస్టిక్ పొరల్లోంచి కూడా దూరిపోతుంది. జర్మనీలో డ్రెస్‌డెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో ఈ దొంగతోనే పని చేయించుకున్నారు. వెలిగే అణువులున్న పాలిమర్ పొర మీద ఆక్సిజన్ని ఆపే ఇంకో పొర కప్పారు. లోపల చిక్కిన కాస్త ఆక్సిజన్ వల్ల మొదట వెలుగు రాదు. అతినీలలోహిత కాంతిని ఒక అచ్చు గుండా పంపితే, కాంతి తగిలిన చోట ఆక్సిజన్ ఖర్చైపోతుంది, అక్కడ మాత్రమే స్ఫురదీప్తి వస్తుంది. అంటే పొర మీద వెలుగుతో రాయవచ్చు. వేడి చేస్తే ఆక్సిజన్ మళ్లీ లోపలికి చేరి రాసింది చెరిగిపోతుంది. పలక ఆ పొర, బలపం వెలుగు, తడిగుడ్డ వేడి.

నీళ్లు కూడా శత్రువే. 1972లోనే షుల్మన్, వాలింగ్ అనే ఇద్దరు వడపోత కాగితం మీద కొన్ని అణువులని ఆరబెట్టి గది వేడిమిలో స్ఫురదీప్తి చూపించారు. కాగితం పొడిగా ఉంటేనే. చెమ్మ తగిలితే అణువుకి పట్టు వదిలిపోతుంది. అలాంటిది నీళ్లలోనే ఈ వెలుగు రప్పించిన వాళ్లు మన పక్క రాష్ట్రంలో ఉన్నారు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రంలో సుబి జార్జ్ బృందం 2018లో లాపోనైట్ అనే బంకమట్టి పలకలకి కర్బన అణువులని అతికించి, నీళ్లలోనే వెలిగించింది. అణువుకి కావలసింది ఒక గట్టి అరుగు. అది మట్టిదైనా సరే.

ఇక సమయం లెక్కకి వద్దాం. చైనాలోని నాన్‌జింగ్‌లో ఆన్ జోంగ్‌ఫు, హువాంగ్ వేయ్ బృందం 2015లో 1.35 సెకన్ల ఆయుష్షున్న కర్బన స్ఫురదీప్తిని ప్రకటించింది. టార్చి ఆర్పాక కంటికి చక్కగా కనిపించేంత. అప్పటి నుంచి ఈ రంగం పరుగందుకుంది. చాలామంది కార్బజోల్ అనే ముడిసరుకుని కొని, దానికి తోకలు తగిలించి కొత్త పదార్థాలు చేశారు. ఎందుకు వెలుగుతున్నాయో అణువుల అమరిక బొమ్మలు గీసి వివరించారు.

2021లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన బిన్ లియు బృందం చిన్న పని చేసింది. కార్బజోల్ని కొనకుండా తామే తయారు చేసుకున్నారు. అదే పదార్థం, అదే స్ఫటికం. సుదీర్ఘమైన ఆ వెలుగు దాదాపు మాయమైంది. అంగట్లో దొరికే కార్బజోల్‌ని తారు నుంచి తీస్తారు. దానిలో వందకి అర వంతు కన్నా తక్కువ మోతాదులో ఇంకో అణువు కలిసి వస్తోంది. అణుభారం అదే, ఆకారం కాస్త వేరు, కవల పిల్లల్లాంటివి. వెలుగు వెనక ఉన్నది ఆ కవల. శుద్ధమైన సరుకులో దాన్ని చిటికెడు మళ్లీ కలిపితే వెలుగు తిరిగి వచ్చింది.

ఈ కథ చదివినప్పుడు నాకు సి.వి. రామన్ శిష్యులు గుర్తొచ్చారు. 1923లో కలకత్తాలో రామనాథన్ ద్రవాల్లో ఒక బలహీనమైన వెలుగు చూశారు. మలినం వల్ల వచ్చిన ప్రతిదీప్తి అనుకుని ద్రవాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేశారు. ఎంత శుద్ధి చేసినా పోలేదు. అది ఐదేళ్ల తర్వాత రామన్ ఫలితమైంది. అక్కడ మలినాన్ని అనుమానిస్తే అది నిర్దోషి. ఇక్కడ ఎవరూ అనుమానించలేదు, అదే కర్త. నన్నడిగితే ఈ రంగంలో గత పదేళ్లలో జరిగిన అతి ముఖ్యమైన పని కొత్త పదార్థం కాదు, సింగపూర్ వాళ్ల ఈ కడుగుడే.

నవ్వడానికి నాకూ హక్కు లేదు. రంగేమీ వేయకుండా ఉత్త బోరిక్ పొడిని కరిగించినా టార్చి ఆర్పాక సన్నని నీలి వెలుగు కనిపించేది. అది బోరిక్ ఆమ్లానికి స్వతహాగా ఉన్న గుణమని ఏళ్ల తరబడి తరగతిలో చెప్పాను. అలా ప్రకటించిన పరిశోధకులూ ఉన్నారు. 2022లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో టాడ్ మార్డర్ బృందం శుద్ధమైన బోరిక్ ఆమ్లం తీసుకుని పరీక్షించి, దానికి ఈ గుణం లేదని తేల్చింది. వెలిగింది పొడిలో ఎక్కడో నక్కిన కర్బన మలినం. నా పాత విద్యార్థులెవరైనా వింటుంటే, ఆ ఒక్క వాక్యం నోట్సులో కొట్టేయండి.

అయితే మలినం అన్న మాటలోనే మందు కూడా దొరికింది. ఆతిథ్యమిచ్చే పదార్థంలో అతిథి అణువుని కావాలనే చిటికెడు వేయడం ఇప్పుడు ఒక పద్ధతి. 2017లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో కాబే, అదాచి ఒక పదార్థంలో నూటికి ఒక వంతు ఇంకోటి కలిపి, రెండింటినీ కరిగించి చల్లార్చారు. గంటకి పైగా వెలిగింది. ఖచ్చితంగా మాట్లాడితే ఇది స్ఫురదీప్తి కాదు. ఇందులో ఎలక్ట్రాన్ అటక మీద ఇరుక్కోదు, పక్కింటికి వెళ్లి తిరుగుతూ నెమ్మదిగా ఇంటికొస్తుంది. కానీ కొలిమి లేదు, అరుదైన లోహం లేదు. గాలి తగలకుండా మూసిపెట్టాలి, అదొక్కటే షరతు.

ఇదంతా దేనికని అడిగేవాళ్లుంటారు. మందు డబ్బాల మీద, విలువైన పత్రాల మీద నకిలీని పట్టే గుర్తుగా పనికొస్తుంది. మెరిసే సిరా నకలు కొట్టడం తేలిక, ఆర్పాక ఎంతసేపు వెలగాలో కూడా నకలు కొట్టడం కష్టం. శరీరంలో చూడాల్సిన చోటికి ఇలాంటి అణువుని పంపితే, ఒంట్లోని కణాలు తమంతట తాము మెరిసే మెరుపు క్షణంలో ఆరిపోయాక, తీరిగ్గా దీని వెలుగు మాత్రమే చూడవచ్చు. ఆక్సిజన్ దొంగతనం కూడా ఒక కొలబద్దే. వెలుగు ఎంత త్వరగా ఆరితే అక్కడ ఆక్సిజన్ అంత ఎక్కువ.

చివరగా సైన్సు టీచర్లకి ఒక మాట. ఈ ప్రయోగం బడిలో చేయండి, వంటింట్లో వద్దు. బోరిక్ ఆమ్లం కడుపులోకి పోతే విషం. వాడిన మూకుడు మళ్లీ దేనికీ వాడకండి. మాది కాకినాడ, శ్రావణం గాలికి వారం తిరక్కుండా నా గాజు పెంకు తెల్లగా బూజు పట్టినట్టయి వెలగడం మానేసింది. గాలిలోని చెమ్మ తాగి పైపొర మళ్లీ పొడిగా మారుతుంది. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో పాటు గట్టి మూత ఉన్న సీసాలో పెట్టండి. ఇంకొకటి, వెలుగు ఎక్కువ కావాలని రంగు ఎక్కువ వేయకండి. అణువులు ఒకదానికొకటి దగ్గరై శక్తిని తమలో తాము పంచుకుని ఆర్పేసుకుంటాయి. మొదటిసారి నేను చెంచా కొసన వేశాను, ఏమీ వెలగలేదు. ఆవగింజలో సగం చాలు.